ముక్కు మేస్త్రి వాన నీళ్లన్నాడు

షెడ్డు ముందు బోర్డు ఉంది కానీ, దాన్ని చదివి లోపలికొచ్చినవాళ్లు ఎవరూ లేరు. "ముక్కు మేస్త్రి షెడ్డు ఎక్కడండీ?" అంటే ఆ వీధిలో పాలు పోసే మనిషి దగ్గర్నుంచి బడికెళ్లే పిల్లల దాకా అందరూ చెయ్యి చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. పాత కారు కింద ఎక్కడ చుక్క పడినా మేస్త్రి ముందు బానెట్ ఎత్తడు. మోకాళ్ల మీద కూర్చుంటాడు, చుక్కని చూపుడువేలికి రాసుకుంటాడు, కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తియ్యగా తగిలితే రేడియేటర్‌లోది. కుళ్లిన గుడ్డు కంపు కొడితే గేరు ఆయిల్. చేపలు కడిగిన గిన్నెలా ఉంటే బ్రేక్ ఆయిల్. ఏ వాసనా రాకపోతే ఉత్త నీళ్లు. వాన నీళ్లో, ఏసీ నీళ్లో. అంతే, అయిపోయింది. మిగతా షెడ్డుల్లో సగం రోజు ఇంజను విప్పి పరిచి "ఇదై ఉండొచ్చు, అదై ఉండొచ్చు" అని నసుగుతుంటే, ఇక్కడ టీ చల్లారేలోపు జబ్బు పేరు చెప్పేసేవాడు.

"మేస్త్రి ముక్కుసూటి మనిషండీ" అని ఎవరైనా పొగిడితే, "సూటిగానే కాదు, ముక్కు ఎటు తిప్పితే అటే పోతాడు" అని కారు కిందనుంచి ఓ గొంతు వినిపించేది. ఆ గొంతు కరెంటుది.

కరెంటంటే మేస్త్రి బామ్మర్ది, భార్యకి స్వయానా తమ్ముడు. ఒకప్పుడు రేడియోలూ టేపులూ బాగుచేసేవాడు. జనం వాటిని అటకెక్కించేశాక బావ షెడ్డులో వైరింగ్ పని పట్టాడు. పద్నాలుగేళ్లయింది. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టెస్ట్ ల్యాంపు పళ్లతో కరిచిపట్టుకుని, జడలా అల్లుకుపోయిన వైర్లలోంచి తెగిన ఒక్కదాన్ని వేళ్లతోనే పట్టేస్తాడు. వచ్చిన మొదటి ఏడాదే ఇద్దరి మధ్యా పంపకం అయిపోయింది. "కారేది నీది, కాలేది నాది బావా" అన్నాడు. ఆ మాట ఎంత బాగా నచ్చిందంటే, మేస్త్రి అప్పట్నుంచీ వచ్చినవాళ్లందరికీ అది తన సొంత మాటలాగే చెప్పుకున్నాడు.

పాత కార్లతో చిక్కేంటంటే కారేదీ కాలేదీ కలిసే ఉంటాయి. ఎక్కడో పైన రబ్బరు ఎండిపోతే నీళ్లు మెల్లగా ఫ్యూజుల పెట్టెలోకి దిగుతాయి. కుడివైపు ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతుంది. కారడం ఆపకుండా ఎన్ని ఫ్యూజులు మార్చినా వారం తిరక్కుండా మళ్లీ కాలతాయి. అందుకని ఆ షెడ్డులో ఒకటే పద్ధతి: ముందు ముక్కు, తర్వాత కరెంటు. ముక్కు ఒకసారి చెప్పాక కరెంటు దాన్ని తిరిగి చూడడు. చూస్తే పని సాగదు, పైగా బావ ముక్కు మీదే ఉంటుంది కోపం.

ఈ ఏడాది మొదట్లో మేస్త్రికి జ్వరం వచ్చింది. పది రోజులు పడుకుని లేచాడు. జ్వరం పోయింది, దగ్గు పోయింది. వాటితోపాటు ఇంకోటి కూడా పోయిందని ఆయనకి వెంటనే తెలియలేదు.

భార్య మేడమీద బట్టలు ఆరేసి కిందికొచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి గిన్నె అడుగు నల్లగా అంటుకుపోయింది. మేస్త్రి గోడకి అవతలే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఏవండీ, ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే అలా కదలకుండా కూర్చున్నారేంటి?"

"ఏ కంపు?"

ఆవిడ లోపలికెళ్లి కాఫీ పొడి డబ్బా మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. తర్వాత ఉల్లిపాయ కోసి పెట్టింది. తర్వాత షెడ్డులో వేసుకునే చొక్కా, పెట్రోలు మరకలున్నది. ఒకదాని వెనక ఒకటి. ఆయన ఒకదాని వెనక ఒకటి తల అడ్డంగా ఊపాడు. చొక్కా దగ్గర ఆగిపోయి, దాన్ని రెండు చేతుల్తో మొహానికి అదుముకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

డాక్టరు "వస్తే వస్తుంది, రాకపోతే లేదు" అన్నాడు. అంత గొప్ప సంగతి చెప్పడానికి గంటన్నర కూర్చోబెట్టాడు.

"ఎవరికీ చెప్పకు. మీ తమ్ముడికి అసలే చెప్పకు" అన్నాడు మేస్త్రి, దారిలోనే.

"వాడికి చెప్తే నష్టమేంటండీ? వాడు పరాయివాడా?"

"చెయ్యో కాలో పోతే నలుగురూ అయ్యో అంటారు. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందంటే నవ్వుతారే."

ఆవిడకి అది సబబుగా అనిపించలేదు. కానీ నవ్వుతారన్నది మాత్రం నిజమేననిపించి ఊరుకుంది. ఆ ఊరుకోవడం గురించి తర్వాత ఆవిడ తనని తాను చాలా తిట్టుకుంది.

నాలుగు నెలలు నడిచింది. మేస్త్రి తెలివితక్కువవాడేం కాదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకునేది అలవాటుగా, కళ్లు మూసుకునేది అలవాటుగా, కానీ ఈలోపు రంగు చూసేవాడు, చుక్క ఎక్కడ పడిందో చూసేవాడు, తెల్లకాగితం మీద రాసి ఎలా పాకుతుందో చూసేవాడు. ముప్పై ఏళ్ల అనుభవం కాబట్టి నూటికి తొంభై సరిపోయేవి. "ఏమంటావురా?" అని కరెంటుని మాటవరసకి అడిగినట్టు అడిగేవాడు. బావ తనని సలహా అడుగుతున్నాడని కరెంటు తెగ మురిసిపోయాడు పాపం.

అలాంటి రోజుల్లో నర్సమ్మ కారు వచ్చింది.

ఆవిడ ఆస్పత్రిలో పెద్ద నర్సు. నరం దొరక్క అందరూ చేతులెత్తేసిన పేషెంటుకి కూడా ఒక్క పోటుతో సూది ఎక్కిస్తుందని పేరు. కారు ఆవిడ ఉద్యోగమంత పాతది.

"మేస్త్రి గారూ, నా బండికి పిచ్చెక్కింది. బ్రేక్ మీంచి కాలు తీసినా వెనక లైట్లు ఆరట్లేదు. మొన్న ఫ్యూజు కాలింది. ఇక్కడ ముందర ఓ ఎర్ర లైటు వెలుగుతుంది, ఆరుతుంది, దానిష్టం. కాళ్ల దగ్గరంతా తడి."

నాలుగు రోజులుగా వాన. మేస్త్రి డ్రైవరు వైపు తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కార్పెట్ ముదురు రంగు, దాని మీద ఏ రంగూ కనపడదు. వేలు అద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఏ వాసనా లేదు. ముప్పై ఏళ్లుగా ఏ వాసనా లేదంటే దానికి ఒక్కటే అర్థం. ఉత్త నీళ్లు.

వేళ్లు రుద్ది చూస్తే కాస్త జారింది. "జారుతోందేంటమ్మా?"

"మొన్ననే కార్పెట్లకి షాంపూ పట్టించానండీ. సరిగ్గా కడిగి ఉండరు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ గిన్నె చూశాడు. నిండుగా ఉంది. నిండుగా ఎందుకుందో అడగలేదు. రెండు నెలలుగా తగ్గినప్పుడల్లా ఆవిడే పోసుకుంటోందని, అడిగితే ఆ నిమిషమే చెప్పి ఉండేది. వెనకటి రోజుల్లో కూడా ఆయన అడిగేవాడు కాదు. ముక్కు ఉన్నవాడికి ప్రశ్నలెందుకు?

"వాన నీళ్లే. ముందద్దం రబ్బరు ఎండిపోయింది. అది మారుస్తాను, లైట్ల సంగతి వీడు చూస్తాడు."

కరెంటు అప్పటికే పెడల్ కింద తల దూర్చాడు. కాసేపటికి లోపల్నుంచి పిలిచాడు.

"బావా, ఒకసారి ఇలా రా. బ్రేక్ లైటు స్విచ్ తడిసిపోయింది. వాన నీళ్లయితే అద్దం వైపు నుంచి రావాలి కదా, ఇది పెడల్ కడ్డీ వెంట జారినట్టుంది. ఇంకోసారి వాసన చూడవా?"

షెడ్డులో అప్పుడు ఇంకో ముగ్గురు మనుషులున్నారు. ముగ్గురూ తలలు తిప్పారు. మేస్త్రికి చెవులు వేడెక్కాయి.

"ఏంట్రా, నా ముక్కుకి పరీక్ష పెడుతున్నావా? కారేది నాది, కాలేది నీది. నీ పని చూడు. తల్లికి పురిటి నొప్పులు నేర్పుతాడట!"

ముగ్గురూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. కరెంటు కూడా నవ్వాడు. వేలు ఒకసారి మొహం దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ ప్యాంటుకి తుడుచుకుని, కొత్త స్విచ్ బిగించాడు. వెనక లైట్లు చెప్పినట్టు వెలిగాయి, చెప్పినట్టు ఆరాయి.

"ముందర ఆ ఎర్ర లైటు మళ్లీ వెలిగితేనో?" అంది నర్సమ్మ వెళ్తూ.

"తడి ఆరేదాకా అలాగే పిచ్చి చేష్టలు చేస్తుందమ్మా. పట్టించుకోకండి" అన్నాడు మేస్త్రి.

ఆవిడ పట్టించుకోలేదు. లీకు బాగైంది కదా అని గిన్నె వైపు కూడా చూడలేదు. పంతొమ్మిదో రోజు ఆస్పత్రి వాలు దిగుతుంటే పెడల్ నేలకి ఆనిపోయింది. ఎదురుగా పిల్లలున్నారని పక్క గోడకేసి కొట్టింది. ప్రాణానికి ఏం కాలేదు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. లోపల కడ్డీలు వేశారు. వేళ్లు కదులుతాయి కానీ సూది పట్టుకునే పట్టు రాదన్నారు.

కారుని షెడ్డుకి లాక్కొచ్చారు. కరెంటు టీకి వెళ్లిన సమయం చూసి మేస్త్రి బానెట్ ఎత్తాడు. గిన్నె ఎండిపోయింది. ఆ ఎర్ర లైటు చెప్పాలని చూసింది ఇదే. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు సీలు పోయి, ఆయిల్ బయటికి రాకుండా పెడల్ కడ్డీ వెంట లోపలికి, స్విచ్ మీదుగా, కార్పెట్లోకి దిగింది. బామ్మర్ది ఆవేళ ఏ దారి చూపించాడో అదే దారి. మేస్త్రి బానెట్ దించి, పైన టార్పాలిన్ కప్పేశాడు.

"ఇన్సూరెన్సు వాళ్లు చూసేదాకా దీన్నెవరూ ముట్టొద్దు" అన్నాడు కరెంటు తిరిగొచ్చాక.

కరెంటు ముట్టేలా లేడు. దాని వైపు చూడటానికే భయపడుతున్నాడు.

ఎందుకంటే ఈలోపే వీధి తీర్పు ఇచ్చేసింది. టీ కొట్టు దగ్గర ఒకడన్నాడు, "బ్రేక్ పెడల్ దగ్గర చెయ్యి పెట్టిందెవరు? కరెంటు. మేస్త్రి మార్చింది అద్దం రబ్బరు. అద్దం రబ్బరుకీ బ్రేక్‌కీ సంబంధమేంటి?" ఇంకొకడన్నాడు, "రేడియోలు బాగుచేసుకునేవాణ్ని తెచ్చి బ్రేకుల మీద కూర్చోబెడితే ఇంతే." లెక్క సరిగ్గా సరిపోయింది. తప్పు లెక్కలు అలాగే చక్కగా సరిపోతాయి.

అది కూడా భరించొచ్చు. భరించలేనిదేంటంటే, కరెంటు కూడా ఆ లెక్క నమ్మేశాడు. ఖాళీ దొరికితే చాలు, పాత స్విచ్ ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పుతూ కూర్చునేవాడు. "బావా, స్విచ్ బిగించేటప్పుడు కడ్డీ ఏమన్నా పక్కకి లాగానంటావా? నట్టు ఎక్కువ తిప్పితే పెడల్ పూర్తిగా వెనక్కి రాదు కదా, అప్పుడు..." అని ఆగేవాడు. మేస్త్రి టీ గ్లాసు వైపు చూస్తూ, "జరిగింది జరిగిపోయింది, వదిలెయ్‌రా" అనేవాడు. ఆ మాట పైకి ఓదార్పులా ఉంటుంది. లోపల చూస్తే నేరం నీదేనని ముద్ర వేసినట్టే. అది మేస్త్రికి తెలుసు. తెలిసే అన్నాడు. ఎనిమిది రోజులు అన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున భార్య ఆయన ముందు కంచం పెట్టి, తను పక్కకి తిరిగి నిలబడింది.

"నిన్న వాడొచ్చాడు. 'అక్కా, నా చేతులు వణుకుతున్నాయే' అని చూపించాడు. నిజంగానే వణుకుతున్నాయి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్తే షెడ్డు మూసుకోవాలే."

"మూసుకోండి."

"నా మొహం ఎవరికి చూపించను?"

"వాడిప్పుడు ఎవరికి చూపిస్తున్నాడు?"

మేస్త్రి చెయ్యి కడుక్కుని లేచాడు. ముందు నర్సమ్మ ఇంటికి వెళ్లాడు. బామ్మర్దికి చెప్పడం కన్నా ఆవిడకి చెప్పడం తేలిక అనిపించింది, సిగ్గులో కూడా మనిషి వాలు చూసుకునే నడుస్తాడు.

నర్సమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. చేతికి కట్టు. వాళ్ల అన్నయ్య కుర్చీలో కూర్చుని పండు కోస్తున్నాడు. మేస్త్రి నిలబడే చెప్పాడు, మొత్తం. జ్వరం, పాలు, కార్పెట్, ఎర్ర లైటు, సిలిండర్. చెప్పి తల దించుకున్నాడు.

నర్సమ్మ కళ్లు చెమ్మగిల్లాయి.

"బామ్మర్ది కోసం ఇంత మాట మీ మీద వేసుకుంటున్నారా మేస్త్రి గారూ? ఈ రోజుల్లో సొంత అన్నదమ్ములే వెనకేసుకు రారు."

"కాదమ్మా, నిజంగానే..."

"నాకర్థమైంది లెండి. నేనేం కేసు పెట్టను. అతనికి చెప్పండి. లైట్లన్నీ అతని పనే అయినా, పోనివ్వండి, కావాలని చేశాడా?"

"అమ్మా, నాకు వాసన రాదు. ఏ వాసనా రాదు."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "చేపకి ఈత రాదన్నట్టుంది. మా చెల్లి చేతికి రాసిన మందు వీధి చివరికి కొడుతోంది, అదీ రావట్లేదా?"

"రావట్లేదండీ."

"చూశావా చెల్లీ, మొహంలో ఒక్క గీత కదల్లేదు! ఏం నటన, ఏం నటన!"

వాసన వస్తే వచ్చిందని ఎవరికైనా రుజువు చెయ్యొచ్చు. రాలేదని ఎలా రుజువు చేస్తాడు? కోసిన పండు ముక్క ఆయన చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. సాయంత్రానికల్లా ఆ సంగతి టీ కొట్టుకి చేరింది. మేస్త్రి దేవుడైపోయాడు. దేవుడు ఎంత ఎత్తుకెక్కితే కరెంటు అంత కిందికి జారాడు.

మేస్త్రి షెడ్డుకి వచ్చేసరికి కరెంటు వైర్ల ముక్కలు రంగుల వారీగా విడదీస్తున్నాడు. మేస్త్రి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, అదే కథ రెండోసారి చెప్పాడు. ఈసారి విన్నవాడు నమ్మాడు. ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా నమ్మాడు.

"ఆవేళ నేనూ వాసన చూశాను" అన్నాడు చివరికి. "స్విచ్ తుడిచిన వేలు. చేపల కంపు కొట్టింది, ఖాయంగా బ్రేక్ ఆయిలే అనిపించింది. నువ్వు కాదన్నావు. బావ ముక్కు కాదంటే నా ముక్కే అబద్ధం చెప్తోందనుకున్నాను."

"అప్పుడే గట్టిగా అనాల్సిందిరా..."

"అన్నాను కదా. తల్లికి పురిటి నొప్పులు నేర్పుతున్నానన్నావు."

మేస్త్రి, "రేపు టీ కొట్టు దగ్గర అందరి ముందూ చెప్తాను" అన్నాడు.

"చెప్పినా నమ్మరు. నర్సమ్మ వాళ్లింట్లో ఏమన్నారో ఇందాకే ఒకడొచ్చి నాకు చెప్పి వెళ్లాడు. నీ మీద గౌరవం ఇంకా పెరిగిందట." కరెంటు లేచి మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, నాలుగు స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు. "ఎనిమిది రోజులు. కంటిమీద కునుకు లేదు. రోజూ పక్కనే కూర్చుని నాతో టీ తాగారు."

తాగారు అన్నాడు. పద్నాలుగేళ్లలో కరెంటు బావని మీరు అనడం అదే మొదటిసారి. తిట్టి ఉంటే మేస్త్రి తట్టుకునేవాడేమో.

"ఎక్కడికిరా? ఇంకో షెడ్డులో చేరతావా?"

"ఏ షెడ్డు రానిస్తుందండీ నన్ను? అయినా ఈ చేతులతో ఇంక పెడల్ కింద పడుకోలేను. తప్పు నాది కాదని తల ఒప్పుకుంది. చేతులు ఒప్పుకోవట్లేదు."

వెళ్లిపోయాడు. తెలిసినవాళ్ల బ్యాటరీల కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాడని నెల తర్వాత తెలిసింది. బ్యాటరీ అమ్ముతాడు, బిగించడానికి మాత్రం ఇంకొకర్ని పిలుస్తాడు. అక్కకి ఫోను చేస్తాడు, ఆరోగ్యం అడుగుతాడు, బావ ఎలా ఉన్నాడని అడగడు.

ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి "పాత బండి" అని రాసుకుని పోయారు. నర్సమ్మ కారు అమ్మేయమంది. అమ్మాలంటే బ్రేకులు బాగుండాలి. ఒక మధ్యాహ్నం మేస్త్రి టార్పాలిన్ లాగేసి, యాభై ఎనిమిదేళ్ల నడుముని ఒంచి, తనెప్పుడూ పడుకోని చోట, పెడల్ కింద వెల్లకిలా పడుకున్నాడు. సిలిండర్ విప్పబోతూ బామ్మర్ది బిగించిన స్విచ్ వైపు టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. ఎక్కడైనా ఓ చిన్న లోపం దొరుకుతుందేమోనని, దొరికితే బాగుండునని చూశాడు. నట్టు సరిగ్గా ఎంత తిప్పాలో అంతే ఉంది. పెడల్‌కీ స్విచ్‌కీ మధ్య సందు గోరంత, అంతే. వైరు ఎక్కడా రాసుకోకుండా చిన్న క్లిప్పు వేసి పక్కకి కట్టి ఉంది. ఆ క్లిప్పు వెయ్యమని ఎవరూ చెప్పరు, వెయ్యకపోయినా ఎవరూ అడగరు.

బయట టీ కొట్టు మనిషి గ్లాసులు తీసుకుపోతున్నాడు. "ఇదిగో, ఒకసారి ఇటు రా, ఇది చూడు, వాడెంత బాగా బిగించాడో" అని కేకేశాడు మేస్త్రి.

"ఇప్పుడెందుకు మేస్త్రీ అవన్నీ. వాణ్ని మీరు క్షమించారు, అది చాలు" అని ఆ మనిషి వెళ్లిపోయాడు.

అన్నం గిన్నె తెచ్చిన భార్య తలుపు దగ్గర నిలబడి అంతా వింది. మేస్త్రి ఆవిడకే టార్చి ఇచ్చాడు. ఆవిడకి వైర్ల గురించి ఏమీ తెలియదు. అయినా కొంగు దోపుకుని, వంగి, టార్చి వెలుగులో ఆ స్విచ్ వైపు చూసింది.

"చూశావా? ఒక్క వెంట్రుకంత తేడా లేదు" అన్నాడు మేస్త్రి కిందనుంచి.

"వాడెప్పుడూ బాగానే బిగిస్తాడు" అంది ఆవిడ. "ఇది నాకు చూపిస్తారేంటి? నాకు ముందునుంచీ తెలుసు. మీకూ తెలుసు."

టార్చి ఆపి సీటు మీద పెట్టి, గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రి చీకట్లో, పెడల్ కింద, ఇంకాసేపు అలాగే పడుకున్నాడు. లేవడానికి చెయ్యందించమని పిలవడానికి షెడ్డులో ఇంకెవరూ లేరు.